సర్దార్ పటేల్ రోడ్డు మీద బస్సెక్కిన ప్రతిసారీ: ఐఐటీ మోజు వదిలేదెలా?

సైదాపేట సహవాసి
జూన్ 17, రాత్రి 10.50

చెన్నైలోని తెలుగువారందరికీ నమస్కారం. ఇక్కడ ఎక్కువగా అద్దె ఇళ్ల గురించీ, పండగలకు పినాకినిలో టికెట్లు దొరకకపోవడం గురించీ మాట్లాడుకుంటాం కనుక, నా సంగతి ఇక్కడ రాయదగినదేనా అని రెండు రోజులు తటపటాయించాను.

మాది ఒంగోలు. 2013లో ఇంటర్ పూర్తికాగానే ఒకసారి, లాంగ్ టర్మ్ కోచింగు తీసుకుని 2014లో రెండోసారి ఐఐటీల ప్రవేశ పరీక్ష అయిన జేఈఈ అడ్వాన్స్‌డ్ రాశాను. మొదటిసారి జాబితాలో పేరే లేదు. రెండోసారి పేరు వచ్చింది కానీ పధ్నాలుగు వేల చిల్లర ర్యాంకు. ఆ ఏడాది ఐఐటీలన్నిటిలో కలిపి ఉన్న సీట్లు పది వేలకు అటూ ఇటూ. రెండుసార్లకు మించి ఆ పరీక్ష రాయనివ్వరు కాబట్టి అక్కడితో ఆ ముచ్చట ముగిసిపోవాలి. గుంటూరు దగ్గర ఒక ప్రైవేటు కాలేజీలో ఇంజినీరింగు చదివి, చెన్నై వచ్చి, పెరుంగుడిలో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో ఏడేళ్లుగా పనిచేస్తున్నాను. జీతానికి లోటు లేదు.

ఇబ్బందల్లా బస్సులోనే. సైదాపేట నుంచి ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) వైపు వెళ్లాలంటే సర్దార్ పటేల్ రోడ్డు మీదుగా, ఐఐటీ ప్రధాన ద్వారం ముందు నుంచే వెళ్లాలి. కండక్టరు "ఐఐటీ ఎరంగు" అని కేక వేయగానే సంచీలు తగిలించుకున్న నలుగురైదుగురు పిల్లలు దిగుతారు. వాళ్లు దిగేటప్పుడు నేను ఫోనులోకి చూస్తూ కూర్చుంటాను. ఏడేళ్లయినా ఆ అలవాటు పోలేదు. ప్రతి జూన్‌లో ఐఐటీ, నిట్ సీట్లు పంచే జోసా కౌన్సెలింగు మొదలు కాగానే కూర్చుని క్లోజింగ్ ర్యాంకులు, అంటే ఒక్కో శాఖలో చివరి సీటు దక్కిన ర్యాంకులు, చూస్తాను. ఇప్పుడు 23 ఐఐటీలలో కలిపి సుమారు 18 వేల సీట్లున్నాయి కనుక, నా పాత ర్యాంకు ఈనాడు వచ్చి ఉంటే ఎక్కడ ఏ శాఖ దక్కేదో లెక్క వేస్తాను. ఇది పిచ్చి అని నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన పోవడం లేదు.

ఇంతకాలం ఇది నా ఒక్కడి రోగమే అనుకున్నాను. మొన్న ఆదివారం అక్క ఫోను చేసింది. మా మేనల్లుడికి అడ్వాన్స్‌డ్‌లో ర్యాంకు రాలేదు కానీ, జేఈఈ మెయిన్ ర్యాంకుతో తాడేపల్లిగూడెం నిట్‌లో ఎలక్ట్రికల్ సీటు వచ్చింది. "మామయ్య చెబితే వింటాడు, చేరమని నువ్వు చెప్పు" అని అక్క వాడికి ఫోను ఇచ్చింది. అభినందించడానికి నోరు తెరిచిన నేను, "నీకింకా ఒక అవకాశం ఉంది కదరా, లాంగ్ టర్మ్ తీసుకో, నేను డబ్బు కడతాను" అన్నాను. అవతల నుంచి చాలాసేపు ఏమీ వినిపించలేదు. వెనకాల కుక్కరు మూడు కూతలు కూసింది. ఆ తర్వాత వాడు "సరే మామయ్యా" అని ఫోను వాళ్లమ్మకు ఇచ్చేశాడు.

ఆ సలహా వాడి కోసం ఇచ్చానా, నా కోసం ఇచ్చానా అన్నది తేల్చుకోలేక ఇది రాస్తున్నాను. ఇలాంటి మోజు నుంచి బయటపడినవారు ఎవరైనా ఉంటే ఎలా బయటపడ్డారో చెప్పగలరు.

పెరంబూరు తాతయ్య
జూన్ 18, ఉదయం 6.15

బాబూ, నీ బస్సు సంగతి చదివి నవ్వుకున్నాను. వెక్కిరింపు కాదు సుమా, నా సంగతీ అదే కనుక.

నేను ఈ ఊళ్లోనే పుట్టాను. నేను పి.యు.సి. ముగించే నాటికి, అంటే 1971లో, మా ఇంట్లో ఎవరి నోటా ఐఐటీ అన్న మాట ఉండేది కాదు. పశ్చిమ జర్మనీ సాయంతో 1959లో పెట్టారు కాబట్టి అప్పటికి దానికి పన్నెండేళ్లే. మా నాన్నగారు దాన్ని "ఆ అడవిలో కాలేజీ" అనేవారు. ఆయన దృష్టిలో ఇంజినీరంటే గిండీ ఇంజినీరింగు కాలేజీలో చదివినవాడే. 1794లో సర్వే పాఠశాలగా మొదలైన విద్యాలయం ముందు నిన్నగాక మొన్న వచ్చినది ఏపాటిదని ఆయన వాదన. నాకు గిండీలో సీటు రాలేదు. డిప్లొమా చేసి రైలు పెట్టెల కర్మాగారం ఐసీఎఫ్‌లో చేరి, రైలు పెట్టెల మధ్య ముప్పై ఆరేళ్లు గడిపి పదవీ విరమణ చేశాను.

ఇంతకాలంలో ఒక్కసారి కూడా గిండీ కాలేజీ లోపలికి వెళ్లలేదు. ఆ పక్కగా పోవలసి వస్తే సైకిలు మీద కోట్టూర్‌పురం చుట్టి పోయిన రోజులున్నాయి. నాలుగేళ్ల కిందట మా మనవరాలికి ఏదో పరీక్షా కేంద్రం అక్కడ పడితే తోడు వెళ్లాను. ఆ ఎర్రభవనం ఎదుట చెట్టు కింద మూడు గంటలు కూర్చున్నాను. గోడ సందులో చిన్న రావి మొక్క మొలిచి ఉంది. కొళాయిలో నీళ్లు రావడం లేదని కాపలాదారు ఎవరినో తిడుతున్నాడు. యాభై ఏళ్లు దారి మార్చుకు తిరిగింది దీని కోసమా అనిపించింది. ముందే ఒకరోజు వెళ్లి కూర్చుని ఉంటే ఎంతో శ్రమ తప్పేది.

మా నాన్నగారు ఈనాడు ఉండి ఉంటే, మీరంతా గిండీని వదిలి ఆ అడవి కోసం ఏడుస్తున్నారేమిటని అడిగేవారు. ఏ కాలేజీ గొప్పదన్నది పాతికేళ్లకోసారి మారుతుంది. ఏడ్చేవాడి వయసు మాత్రం ఎప్పుడూ పద్దెనిమిదే.

గోదావరి హాస్టల్
జూన్ 18, రాత్రి 9.30

సహవాసి గారూ, నేను ఆ ఐఐటీ గోడకు లోపలివైపు నాలుగేళ్లు ఉన్నాను. అక్కడ హాస్టళ్లన్నిటికీ నదుల పేర్లే. మాది గోదావరి కావడంతో ఖమ్మం నుంచి వచ్చిన నాకు మొదటి రోజు సొంతూరికి వచ్చినట్టే ఉంది. ఆ హాయి మొదటి క్విజ్ దాకా నిలిచింది. ఇరవైకి నాలుగు మార్కులు వచ్చాయి. అప్పటిదాకా మా జిల్లాలో నన్ను మించిన వాడు లేడు. ఇంటికి ఫోను చేసి "ఇంకా పేపర్లు ఇవ్వలేదు" అని అబద్ధం చెప్పాను.

లోపలికి వెళ్లాక మోజు తీరుతుందని బయటివారు అనుకుంటారు. తీరదు. అది గుమ్మం మారుస్తుంది, అంతే. తెలుగువాళ్లు ఇద్దరు కలిస్తే మొదటి ప్రశ్న "ఏ ఊరు?" కాదు, "ఏ బ్రాంచి?". కంప్యూటర్ సైన్స్ అన్నవాడు గొంతు పెంచి చెబుతాడు. మెటలర్జీ వాడు, నాలాంటివాడు, గొణుగుతాడు. రెండో ఏడాది నుంచి గ్రేడ్ల గొడవ, మూడో ఏడాది ఇంటర్న్‌షిప్పు, నాలుగో ఏడాది ప్లేస్‌మెంట్లలో మొదటి రోజే ఉద్యోగం రావాలన్న ఆరాటం. అప్పటికి అమెరికా వెళ్లే వాళ్లు మమ్మల్ని చూసి జాలి పడటం మొదలవుతుంది. మా గదిలో ఉండే విజయనగరం కుర్రాడు, ఎనిమిది వందల లోపు ర్యాంకు వాడు, తనకు వందలోపు రాలేదని నాలుగేళ్లూ బాధపడుతూనే ఉన్నాడు. వాడి అరటిపళ్లు కోతులు ఎత్తుకుపోయినప్పుడు తప్ప వాడు మరి దేనికీ అంతగా బాధపడటం నేను చూడలేదు.

వచ్చిన లాభాన్ని దాచను. ఇన్నేళ్ల తర్వాత కూడా ఇంటర్వ్యూలో నాకు చదువు వచ్చా రాదా అని ఎవరూ పరీక్షించరు. ఆ పేరు చూసి నేరుగా పని గురించి మాట్లాడతారు. ఇది ఊరికే వచ్చిన సౌకర్యం కాదనీ, నేను రోజూ సంపాదించుకుంటున్నది కూడా కాదనీ నాకు తెలుసు.

చీరాల మగ్గం
జూన్ 19, ఉదయం 7.40

పెద్దలు తాతయ్య గారి మాటా, గోదావరి వారి మాటా చదివాను. ఇద్దరూ నిజాయతీగా రాశారు. అయినా నాకు కొంచెం కోపం వచ్చిందని చెప్పకుండా ఉండలేను.

మా నాన్న నేత పనివారు. మా ఇంట్లో మొదట డిగ్రీ చదివినదాన్ని నేనే. నేను చదివిన కాలేజీ పేరు ప్రకాశం జిల్లా దాటితే ఎవరికీ తెలియదు. చెన్నై వచ్చిన కొత్తలో ఒక పెద్ద కంపెనీ దరఖాస్తు నింపుతుంటే "మీ విద్యాసంస్థను ఎంచుకోండి" అని ఒక జాబితా తెరుచుకుంది. పైనుంచి కిందికి రెండుసార్లు వెతికాను. మా కాలేజీ లేదు. అట్టడుగున "ఇతరములు" అని ఉంది. దాన్ని నొక్కాను. ఆ కంపెనీ నుంచి ఉత్తరం కాదు కదా, తిరస్కరించామన్న మాట కూడా రాలేదు. ఆ ఏడాదిలో అలాంటి జాబితాలు కనీసం పదిహేను చూశాను.

కాబట్టి "గోడకు అవతల ఏమీ లేదు" అని గోడ దాటినవారో, దాటకపోయినా ప్రభుత్వ ఉద్యోగం దొరికినవారో చెబితే నాకు రుచించదు. అవతల ఉన్నది ఉంది. సహవాసి గారు ఇప్పుడు జీతం తీసుకుంటున్నారు, ఆయనకది మోజు. నా బోటివారికి అది నిచ్చెన. రెండింటినీ ఒక గాటన కట్టవద్దని మనవి.

లెక్కల పిచ్చి
జూన్ 19, మధ్యాహ్నం 1.20

ఈ విషయం మీద పేరున్న పరిశోధన ఒకటి ఉంది. స్టేసీ డేల్, ఆలన్ క్రూగర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2002లో ప్రచురించారు. పేరున్న కాలేజీలలో చదివినవారి జీతాలు ఎక్కువగా ఉంటాయన్నది అందరికీ తెలిసిందే. అయితే అది కాలేజీ గొప్పతనమా, అక్కడికి వెళ్లగలిగిన పిల్లల గొప్పతనమా అన్నది వారి ప్రశ్న. 1976లో అమెరికాలో కాలేజీల్లో చేరినవారిని తీసుకుని, ఒకే రకమైన కాలేజీలకు దరఖాస్తు పెట్టి సీట్లు తెచ్చుకున్నవారిలో, పెద్ద పేరున్న చోట చేరినవారినీ, సీటు వచ్చినా మామూలు చోట చేరినవారినీ పోల్చి చూశారు. జీతాలలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. సీటు రాకపోయినా అలాంటి చోట్లకు దరఖాస్తు పెట్టేంత పట్టుదల ఉన్నవారు కూడా తర్వాత బాగానే సంపాదించారు.

ఇందులో చీరాల వారి మాటను బలపరిచే అంశం కూడా ఉంది. పేద కుటుంబాల పిల్లలకు మాత్రం పేరున్న కాలేజీ వల్ల నిజంగానే లాభం కలిగింది. తర్వాత మరికొన్ని ఏళ్ల సమాచారంతో వారే చేసిన అధ్యయనంలో, తల్లిదండ్రులు పెద్దగా చదువుకోని పిల్లలకూ, నల్లజాతి పిల్లలకూ, హిస్పానిక్ పిల్లలకూ ఆ లాభం కనిపించింది. పరిచయాలు లేని ఇంటివారికి కాలేజీయే పరిచయం అవుతుంది కాబోలు. అమెరికా లెక్క మనకు అచ్చంగా వర్తిస్తుందని నేను అనను. వారికి జేఈఈ లాంటి ఒక్క రోజు పరీక్ష లేదు.

మన లెక్క ఇంకా మొరటుది. మెయిన్ రాసే లక్షల మందిలో రెండున్నర లక్షల మందికి అడ్వాన్స్‌డ్ రాసే అర్హత ఇస్తారు, సీట్లు సుమారు 18 వేలు. ఎవరు ఎంత బాగా చదివినా మిగిలినవారు బయటే ఉండాలి. అది పరీక్ష కట్టడంలోనే ఉంది. దాన్ని ఒక్కొక్క పిల్లవాడి తప్పుగా ఇంటింటా విడదీసి పంచుకుంటున్నాం.

చీరాల మగ్గం
జూన్ 19, మధ్యాహ్నం 2.05

లెక్కల వారికి కృతజ్ఞతలు. ఆ మినహాయింపులో నేనున్నాను. ఆ మాట ఎవరో లెక్క కట్టి చెప్పారని ఈ రోజే తెలిసింది.

నెల్లూరమ్మ, కొళత్తూరు
జూన్ 19, రాత్రి 8.45

మా అమ్మాయి ఇక్కడే ప్లస్ టూ పూర్తి చేసింది. తమిళనాడులో ఇంజినీరింగుకు ప్రవేశ పరీక్ష తీసేసి చాలా కాలమైంది, 2007 నుంచి ప్లస్ టూ మార్కులతోనే సీట్లు ఇస్తున్నారు. ఇక్కడ స్థిరపడినప్పుడు, హమ్మయ్య, మా పిల్లకు ఆ కోచింగు హాస్టళ్ల బాధ తప్పిందనుకున్నాను. నెల్లూరు వెళ్లినప్పుడల్లా మా వదినగారు "ఎనిమిదో తరగతి వచ్చినా ఇంకా ఐఐటీ ఫౌండేషన్‌లో వేయలేదా?" అని అడిగేవారు. నేను గర్వంగా "మా రాష్ట్రంలో అవసరం లేదు" అనేదాన్ని.

గర్వం ఎన్నాళ్లో నిలవలేదు. ఇక్కడ కటాఫ్ అని ఒకటుంది. లెక్కలకు 100, ఫిజిక్స్‌కు 50, కెమిస్ట్రీకి 50, మొత్తం 200. ఫలితాలు వచ్చిన రోజు మా అపార్ట్‌మెంటు లిఫ్టులో ఎక్కిన ప్రతివారూ "కటాఫ్ ఎంత?" అని అడిగారు. అమ్మాయికి 194.5 వచ్చింది. మూడో అంతస్తు అబ్బాయికి 196. ఆ ఒకటిన్నర మార్కు కోసం నేను మూడు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. నాలుగో రోజు అమ్మాయే, "నేను పరీక్ష రాసి బాగానే నిద్రపోతున్నాను, నువ్వెందుకమ్మా మేలుకుని ఉన్నావు?" అని అడిగింది. సహవాసి గారూ, మీ మేనల్లుడు "సరే మామయ్యా" అన్నాడని రాశారు. ఆ మాటను అంగీకారం అనుకోకండి. మా అమ్మాయి కూడా తనకు ఇష్టం లేని ప్రతిదానికీ ముందు "సరే" అనే అంటుంది.

మడిపాక్కం మిత్రుడు
జూన్ 20, ఉదయం 9.10

ఎందుకింత చర్చ? సత్య నాదెళ్ల గారికి ఐఐటీ ప్రవేశ పరీక్షలో సీటు రాలేదు, మణిపాల్‌లో చదివారు, మైక్రోసాఫ్ట్‌ను నడుపుతున్నారు. మేనల్లుడికి ఆ కథ చెప్పండి.

పెరంబూరు తాతయ్య
జూన్ 20, ఉదయం 9.40

మిత్రమా, ఆ కథ నిజమే. కాని ఐఐటీ రాని పిల్లవాడికి ఆ కథ చెబితే, పోనీ మైక్రోసాఫ్టయినా తీసుకురా అని చెప్పినట్టు అవుతుంది. ఒక బరువు దించి అంతకన్న పెద్దది నెత్తిన పెట్టడమే.

అంబత్తూరు రాత్రిబడి
జూన్ 21, రాత్రి 11.55

నా అనుభవం కొంచెం వేరు. నేను అంబత్తూరు ఎస్టేటులో ఒక చిన్న ఫ్యాక్టరీలో నాణ్యత విభాగంలో పనిచేస్తాను. ఐఐటీ మద్రాసు వారు 2020లో జేఈఈతో పనిలేని ఆన్‌లైన్ డేటా సైన్స్ డిగ్రీ మొదలుపెట్టినప్పుడు, నిజం చెప్పాలంటే, చదువు కోసం కాక పేరు కోసం చేరాను. ఏనాటికైనా క్యాంపస్ లోపలి గజేంద్ర సర్కిల్ దగ్గర ఏనుగు బొమ్మల ముందు విద్యార్థినిగా ఫొటో దిగాలన్నది నా కోరిక.

ముందు నాలుగు వారాల పాఠాలు, వారం వారం అసైన్‌మెంట్లు, ఆ తర్వాత అర్హత పరీక్ష. పరీక్షలు మాత్రం కేంద్రానికి వెళ్లి రాయాలి. తర్వాతి పాఠాల్లో సంభావ్యత మీద ఒక లెక్క నన్ను రాత్రి రెండు గంటల వరకు కూర్చోబెట్టింది. మా ఫ్యాక్టరీలో వంద బోల్టులలో ఎన్నింటిని పరీక్షిస్తే పెట్టె మొత్తాన్ని నమ్మవచ్చన్న ప్రశ్నకూ దానికీ సంబంధం ఉందని ఆ రాత్రి అర్థమైంది. మరునాడు ఫోర్‌మన్‌తో గంటసేపు దాని గురించే మాట్లాడాను. ఆ డిగ్రీలో మధ్యలో డిప్లొమాతో ఆగే వీలుంది, నేను అక్కడ ఆగాను. "ఇది అసలు ఐఐటీ కాదు" అని మా బావగారు అన్నప్పుడు, రెండేళ్ల ముందైతే ఏడ్చేదాన్ని. ఈసారి, "అవును, కాదు. కానీ బోల్టుల లెక్క నాకు తెలిసింది" అన్నాను. ఫొటో ఇప్పటికీ దిగలేదు.

సహవాసి గారికి ఒక ప్రశ్న. మీకు క్లోజింగ్ ర్యాంకులు కంఠతా వచ్చినట్టున్నాయి. 2014లో మీరు అక్కడ ఏ శాఖ కోరుకున్నారు? ఆ శాఖలో మూడో సెమిస్టరులో ఏం చెబుతారో ఎప్పుడైనా చూశారా? ఎన్‌పీటెల్‌లో అంటే ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదికలో, ఆ అధ్యాపకుల పాఠాలే ఉచితంగా ఉన్నాయి. ఒక పాఠం తెరిచి చివరిదాకా చూసి, తర్వాత ఇక్కడ రాయండి.

సైదాపేట సహవాసి
జూన్ 24, రాత్రి 10.20

అందరికీ నమస్కారం. మూడు రోజులు ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి.

రాత్రిబడి గారు అడిగిన ప్రశ్నకు జవాబు సిగ్గుతోనే చెబుతున్నాను. నాకు కావలసినది మెకానికల్. ఎందుకంటే 2014లో నా అంచనా ర్యాంకుకు అక్కడ తగిలే అవకాశం ఉన్న పెద్ద శాఖ అదే. అంతకు మించి కారణం లేదు. ఆదివారం పొద్దున కాఫీ పెట్టుకుని థర్మోడైనమిక్స్ మొదటి పాఠం తెరిచాను. చెప్పే ఆచార్యులు చాలా బాగా చెబుతున్నారు. బోర్డు మీద పిస్టను బొమ్మ గీసి, ఏది వ్యవస్థ, ఏది పరిసరం అని విడమరిచి చెబుతున్నారు. ఇరవై రెండో నిమిషంలో నేను ఇంకో కిటికీలో క్రికెట్ స్కోరు చూస్తున్నానని గమనించాను. వెనక్కి జరిపి మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి పద్దెనిమిదో నిమిషంలోనే కునుకు పట్టింది.

పదకొండేళ్లుగా నేను బాధపడుతున్నది ఏ చదువు కోసమో ఆ చదువు నాకు ఇష్టం లేదు. ఇష్టముందో లేదో ఒక్కసారి కూడా ఎవరూ అడగలేదు, నన్ను నేనూ అడగలేదు. ఆ రెండేళ్లు హాస్టలు గోడ మీద అంటించుకున్న కాగితంలో కాలేజీ పేరు, దాని కింద ర్యాంకు అంకె, అంతే. చీరాల వారు చెప్పిన "ఇతరములు" నేను కూడా కొన్నాళ్లు నొక్కాను కనుక ఆ నష్టం నిజమేనని ఒప్పుకుంటాను. కానీ నేను జూన్‌లో కూర్చుని లెక్క వేసేది ఆ నష్టాన్ని కాదు, ఆ అంకెనే.

తర్వాత మేనల్లుడికి ఫోను చేశాను. నెల్లూరమ్మ గారి మాట గుర్తు పెట్టుకుని, సలహా ఏమీ ఇవ్వకుండా, "ఎలక్ట్రికల్ నీకు ఇష్టమేనా?" అని మాత్రం అడిగాను. వాడు తొమ్మిదో తరగతిలో పాడైన మిక్సీ మోటారు విప్పి, రాగి తీగ మళ్లీ చుట్టి, అక్క చేత తిట్లు తిన్న సంగతి చెప్పుకొచ్చాడు. అది నాకు తెలియదు. ఆఖరున గొంతు తగ్గించి, "మామయ్యా, నువ్వు లాంగ్ టర్మ్ అన్న రోజు రాత్రే నేను జోసాలో ఫ్రీజ్ పెట్టేశాను, ఆ సీటే ఖాయం చేసుకున్నాను. నువ్వు బాధపడతావని చెప్పలేదు" అన్నాడు. నేను బాధపడలేదని చెప్పాను. ఎనభై శాతం నిజమే.

వాడు వెంటనే, "హాస్టలుకు బకెట్టూ మగ్గూ ఇక్కడి నుంచి తీసుకెళ్లాలా, అక్కడే దొరుకుతాయా?" అని అడిగాడు. నాకు ఏ శాఖ ఎక్కడ ముగిసిందో తెలుసు కానీ ఇది తెలియదు. తాడేపల్లిగూడెం వైపు వారు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పగలరు.

గూడెం వాడు
జూన్ 24, రాత్రి 10.45

నమస్కారమండీ. మాది ఆ పక్క పల్లెటూరే. బకెట్టూ మగ్గూ ఊళ్లో దొరుకుతాయి, బస్సులో మోయించకండి. తాళం మాత్రం గట్టిది ఒకటి ఒంగోలులోనే కొనిపించండి. రెండు తాళంచెవులు ఉండాలి, ఒకటి ఇంట్లో అమ్మ దగ్గర ఉంచమనండి. దోమతెర మరచిపోవద్దు.